మోకాలి నొప్పి: తొడ మరచిన విద్య

ఎముక విరిగినవానికి కట్టు కట్టుదురు. ఆ కట్టు విప్పిన దినమున ఇంటివారందరును వాని బాధ తీరినదని సంతోషింతురు. సంధిలోపలి బంధనము తెగినవానికి అట్టి దినమొకటి రాదు. మొదట వాపు వచ్చి, మూడు నాలుగు వారములకు తగ్గి, కుంటు పోయి, నడక చక్కబడినట్లే కనబడి, చుట్టుపక్కలవారు ఆ సంగతి మరచిపోయిన పిమ్మట, రెండేండ్లకో పదియేండ్లకో, మెట్లు దిగునప్పుడును, బాసింపట్టు వేసి భోజనము చేసి లేచునప్పుడును, బస్సులో గంటసేపు కాళ్లు ముడుచుకొని కూర్చుండి దిగునప్పుడును, ఆ మోకాలు తన పాత కథను మరల చెప్ప నారంభించును. ఎక్స్‌రే తీయించినచో ఎముకలన్నియు సరిగనే ఉన్నవందురు. తైలములు రాచి, పట్టీలు తొడిగి, మాత్రలు మ్రింగి విసిగిన పిమ్మట, "పాత దెబ్బ కదా, ఇక ఇంతే" అని ఎవరో ఒకరు తీర్పు చెప్పుదురు. ఆ తీర్పు చాలమంది విషయమున తప్పు. అది ఎందుకు తప్పో, దానిని ఎట్లు తిరుగవ్రాసికొనవలెనో చెప్పుటకే ఈ అధ్యాయము.

నా కుడిమోకాలికి దెబ్బ తగిలినది కళాశాల దినములలో, చెడుగుడు ఆటలో. కూతకు పోయి, ఒకనిని తాకి వెనుకకు మరలబోవుచుండగా, పాదము ఇసుకలో నాటుకొనిపోయి దేహము మాత్రము పక్కకు తిరిగినది. లోపల ఏదో టప్పున తెగిన చప్పుడు నాకు స్పష్టముగ వినబడినది. ప్రొద్దు గుంకులోపల మోకాలు ఉబ్బి, చిప్ప యెక్కడ నున్నదో తెలియరాని స్థితికి వచ్చినది. పసుపు, సున్నము కలిపి పట్టు వేసిరి. మూడు వారములు మంచము దిగనీయలేదు. లేచి నడచితిని గనుక నయమైనదే అనుకొంటిని. పదునొకండేండ్ల పిమ్మట, తిరుమలకు పోవు అలిపిరి త్రోవన 3,550 మెట్లును, మోకాళ్ల మెట్టుతో సహా, ఆయాసమే తప్ప నొప్పి యెరుగక ఎక్కిన నేను, మరునాడు అదే త్రోవన దిగుచు సగము దూరమునకే మోకాలు పట్టు తప్పి, ప్రక్కగోడను రెండు చేతులతో పట్టుకొని నిలిచిపోయితిని. ఎక్కుట కష్టమనియు, దిగుట సులభమనియు అంతవరకు నమ్మియుంటిని. ఆ నమ్మకము తలక్రిందు లగుటతోనే నాకు ఈ విషయమున విద్యాభ్యాసము మొదలైనది.

మోకాలి నిర్మాణమును కొంచెమైన నెరుగనిదే దాని నొప్పిని ఏలుకొనుట సాధ్యము కాదు. తొడయెముక క్రింది కొన, కాలి పెద్దయెముక పైకొన, ఈ రెండును ఒకదానిలో నొకటి ఇమిడి కూర్చున్నవి కావు. దాదాపు చదునైన పీటమీద రెండు గుండ్రని గుబ్బలు నిలిచినట్లు నిలిచియున్నవి. ఆ గుబ్బల క్రింద నెలవంక ఆకారము గల మృదులాస్థి బిళ్లలు రెండు మెత్తలవలె అమరియున్నవి. ఇంత అస్థిరమైన అమరిక నిలిచియుండుటకు కారణము నాలుగు బంధనములు: ఇరుప్రక్కల రెండు, సంధి నడుమ కత్తెరవలె ఒకదాని నొకటి దాటుచు రెండు. మన ప్రాచీన శల్యతంత్రకర్త సుశ్రుతుడు వీనిని స్నాయువులని పిలిచి, పలకలను త్రాళ్లతో బిగించి కట్టిన నావ నీటిపై జనుల భారమును మోసినట్లు, స్నాయుబద్ధములైన సంధులే మనుష్యుని భారమును మోయుచున్నవని పోల్చి చెప్పెను. ఎముకలకుగాని, కండలకుగాని, సిరలకుగాని దెబ్బ తగులుట కంటె స్నాయువుకు తగులుట ఎక్కువ హానికరమని అక్కడనే హెచ్చరించెను. ఆయన పేర్కొన్న 107 మర్మములలో జానువు ఒకటి. చంపదు గాని అంగవైకల్యము మిగుల్చును గనుక దానిని వైకల్యకర మర్మములలో చేర్చెను. క్రీడామైదానములో మోకాలు పట్టుకొని కూలిన ప్రతి యువకుడును ఆ వర్గీకరణ ఎంత సూక్ష్మమైనదో ఎరుగును.

నడుమనున్న రెండింటిలో ముందుదాని పొడవు సుమారు 3 సెంటీమీటర్లు. ఆరోగ్యవంతులైన యువకులలో అది 200 కిలోలకు మించిన లాగుడును సహింపగలదు. అయినను పాదము నేలకు నాటుకొని, దేహము తిరిగిన క్షణమున పుట్టెడు మెలికకు అది ఒక్కొక్కప్పుడు తాళజాలదు. లోపలిప్రక్క బంధనము తెగినచో చాలవరకు శస్త్రచికిత్స లేకయే అతుకుకొనును. నడిమిది తెగినచో అంత సులభముగ అతుకదు, ఏలయన సంధిలోని ద్రవము తెగిన కొనల నడుమ రక్తపు గడ్డను నిలువనీయక కరిగించివేయును. కనుక పాత దెబ్బ అన్న మాట అందరి విషయమున ఒకటే అర్థము నీయదు. ఏ బంధనము తెగినదో, పూర్తిగనా కొంతయా, దానితోపాటు నెలవంక బిళ్ల చీలినదా అన్నది మొదట తెలిసికొనవలెను. అనుభవము గల వైద్యుడు చేతితో కాలిని ముందునకు లాగి చూచియే చాలవరకు చెప్పగలడు; ఎం.ఆర్.ఐ. మిగిలిన సందేహమును తీర్చును.

ఇప్పుడు అసలు విషయమునకు వచ్చుచున్నాను. బంధనము తెగిన దినమున తెగినది అదొక్కటే కాదు. సంధిలో వాపు చేరగానే అక్కడి నాడులు వెన్నుపామునకు ఒక సమాచారమును పంపును. వెన్నుపాము తొడ ముందుభాగపు కండరమును పనినుండి తప్పించును. మనము ఎంత గట్టిగ బిగింపబోయినను ఆ కండరము పూర్ణముగ బిగియదు. ఇది సోమరితనము కాదు, మనోదౌర్బల్యమును కాదు. గాయపడిన సంధిని కాపాడుకొనుటకు శరీరము తనంత తాను చేసికొను ఏర్పాటు. కాని గాయము మానిన పిమ్మటను ఈ ఏర్పాటు ఒక్కొక్కప్పుడు నెలలు, ఏండ్లు కొనసాగును. పనిలేని కండరము కొన్ని వారములలోనే క్షీణించును. దీనికి తోడు, తెగిన బంధనములో నాడీకొనలుండి, కాలు ఎంత వంగినది, ఎటు తిరిగినది అను వార్తను మెదడునకు క్షణక్షణము అందించుచుండెడివి, అవియు మూగవోయినవి. అందుచేత చీకటిలో ఎగుడుదిగుడు నేలపై అడుగు వేసినప్పుడు, సరియైన క్షణమునకు సరియైన కండ బిగియుట అను విద్యను ఆ తొడ మరచిపోవును. సంవత్సరముల తరువాత మనలను బాధించు నొప్పిలో చాల భాగము ఈ మరపు ఫలము.

ఈ మరపు మెట్లు దిగునప్పుడే ఎక్కువగ బయటపడుటకు కారణమున్నది. బెర్లినులో పరిశోధకులు కొందరు రోగులకు అమర్చిన కృత్రిమ మోకాళ్లలోనే భారమును కొలుచు పరికరములను ఇమిడ్చి, వారు నడచునప్పుడు, మెట్లెక్కి దిగునప్పుడు సంధిపై బడు బరువును లెక్కించిరి. సమతలమున నడచునప్పుడు శరీరభారమునకు సుమారు రెండున్నర రెట్లు, మెట్లెక్కునప్పుడు మూడు రెట్లకు పైన, దిగునప్పుడు దాదాపు మూడున్నర రెట్లు ఆ సంధిపై బడుచున్నట్లు తేలినది. 60 కిలోల మనిషి ఒక్కొక్క మెట్టు దిగుచు మోకాలిపై 200 కిలోలు దింపుచున్నాడన్నమాట. దిగునప్పుడు తొడ కండరము సాగుచునే బిగిసి, దేహము దబ్బున పడకుండ పట్టుకొనవలెను. ఎడ్లబండి పల్లమున దిగునప్పుడు బండివాడు పగ్గములు బిగబట్టునట్టి పని యిది. పగ్గము వదులైన బండి వంటిది బలము తగ్గిన తొడతో మెట్లు దిగు మోకాలు. తిరుమల మెట్లపై నాకు జరిగినది ఇదే.

తొడకు ఆ విద్యను మరల నేర్పవచ్చునని నిరూపించిన కథ రెండవ ప్రపంచయుద్ధ కాలమునాటిది. షికాగోలోని గార్డినర్ సైనిక వైద్యశాలలో మోకాళ్లు దెబ్బతిన్న సిపాయిలు నెలల తరబడి కోలుకొనక పడియుండిరి. ఆనాటి పద్ధతి ప్రకారము వారిచేత తేలిక పనిని వందలసార్లు చేయించుచుండిరి. బాల్యమున జబ్బుపడి, బరువులెత్తి బలము పుంజుకొనిన యువవైద్యుడు ఠామస్ డిలోర్మ్ ఆ పద్ధతిని తలక్రిందు చేసెను. ఇనుప బూట్లు తొడిగించి, పదిసార్లు మాత్రమే ఎత్తగలిగినంత బరువును ఎత్తించి, బలము పెరిగినకొలది బరువును పెంచుచు పోయెను. 1945లో ఆయన ప్రకటించిన ఫలితములు వైద్యలోకమును ఆశ్చర్యపరచినవి. ఈనాడు వ్యాయామచికిత్స చేయు ఫిజియోథెరపిస్టులందరును క్రమక్రమముగ బరువు పెంచు సూత్రమును ఆయన యొద్దనే గ్రహించినారు. విశ్రాంతియే మందు అను మన నమ్మకమునకు ఇది గట్టి సమాధానము. మొదటి వారములలో విశ్రాంతి అవసరము. పదియేండ్ల తరువాత విశ్రాంతి రోగమును పెంచి పోషించుటయే.

శస్త్రచికిత్స చేయించుకొనవలెనా అని అడుగువారున్నారు. స్వీడను దేశమున ముందుబంధనము తెగిన 121 మంది యువతీయువకులను రెండు వర్గములుగ చేసి, ఒక వర్గమునకు వెంటనే శస్త్రచికిత్సయు వ్యాయామమును, మరొక వర్గమునకు మొదట వ్యాయామము మాత్రమే యిచ్చి, అవసరమైనవారికి పిమ్మట శస్త్రచికిత్స చేసిరి. 2010లో ప్రకటింపబడిన రెండేండ్ల ఫలితములలో ఇరువర్గముల మోకాళ్ల స్థితి దాదాపు సమానముగ నుండెను. రెండవ వర్గములో ఐదేండ్లకు సుమారు సగముమంది శస్త్రచికిత్స చేయించుకొనిరి, మిగిలిన సగమునకు అది లేకయే గడచినది. ఆటలాడి జీవించువానికి, మోకాలు మాటిమాటికి పట్టు తప్పువానికి శస్త్రచికిత్స మేలు చేయును. ఏ దారి త్రొక్కినను తొడను మరల చదివించు పని మాత్రము తప్పదు.

మీ మోకాలు అడుగడుగున పట్టు తప్పుచున్నను, వంచిన చోటనే చాపరాకుండ బిగిసిపోవుచున్నను, ఎర్రబడి వేడిగనుండి జ్వరము తగిలినను, పిక్క వాచి నొప్పి పుట్టినను, రాత్రి పడుకొన్నప్పుడు విడువని నొప్పి నిద్రను చెరుపుచున్నను, ఈ పుస్తకమును మూసి వైద్యునియొద్దకు పోవలెను. ఆ లక్షణములకు వ్యాయామము జవాబు కాదు.

అవి లేనివారు ముందుగ ఒక దర్జీ టేపు తీసికొనవలెను. చిప్ప పై అంచునుండి పదిహేను సెంటీమీటర్లు పైకి గుర్తుపెట్టుకొని, రెండు తొడల చుట్టుకొలతలను కొలిచి, తేదీతో వ్రాసికొనవలెను. నా కుడితొడ ఎడమదానికంటె మూడు సెంటీమీటర్లు సన్నగిలినదని తెలిసిననాడు నాకు కలిగిన విస్మయము ఇంతంత కాదు. అన్నియేండ్లు ఆ కాలితో నడచుచునే యున్నను, నాకు తెలియకుండనే బరువంతయు ఎడమకాలిపై మోపుచుంటిని. ఏ అద్దమును చెప్పని ఈ నిజమును ఆ టేపు చెప్పినది.

పిమ్మట నొప్పిని కొలుచు పద్ధతి. నొప్పిని పది మెట్లుగ భావించుకొని, వ్యాయామము చేయునప్పుడు అది మూడవ మెట్టు దాటకున్న చేయవచ్చును. అంతకంటె ముఖ్యమైన పరీక్ష మరునాటి ఉదయము జరుగును: మంచము దిగి నాలుగడుగులు వేసినప్పుడు నిన్నటికంటె ఎక్కువ నొప్పిగాని, చిప్ప ప్రక్కపల్లములు పూడి కొత్త వాపుగాని కనిపించినచో, నిన్న చేసినది ఎక్కువైనదని అర్థము, ఒక దినము ఆగి, సగమునకు తగ్గించి మరల మొదలుపెట్టవలెను. ఏమియు మారకున్నచో నిన్నటి పని తగినదే. ఉదయపు మోకాలు సాయంకాలపు ఉత్సాహమునకు న్యాయాధిపతి. నొప్పి లేని దినమున అతిగ చేసి, నొప్పి వచ్చిన దినమున అంతయు మానివేయుట మనలో చాలమంది చేయు తప్పు. ఏండ్ల తరబడి బాధ తీరకుండుటకు ఈ ఊగులాటయే ప్రధాన కారణమని నేను గట్టిగ నమ్ముచున్నాను.

వ్యాయామములలో మొదటిది మిక్కిలి సులభము. నేలమీద కాలు చాచి కూర్చుండి, మోకాలి క్రింద చుట్టిన తువాలును పెట్టి, దానిని నేలకు అదుముచు తొడను బిగించి, ఐదు క్షణములు నిలిపి వదలవలెను, పదిసార్లు. చేతిని తొడమీద వేసి, కండ నిజముగ బిగియుచున్నదా అని చూచుకొనవలెను, ఏలయన మరచినదానిని జ్ఞాపకము చేయుటయే ఇక్కడి పని. ఇది పట్టుబడిన పిమ్మట గోడకుర్చీ. చిన్ననాడు బడిలో పాఠము రానివానికి వేయించిన శిక్షయే ఇప్పుడు చికిత్స యగుచున్నది: గోడకు వీపానించి, పాదములు ఒక అడుగున్నర ముందుకు పెట్టి, లేని కుర్చీలో సగము కూర్చున్నట్లు జారి, పదిహేను, ఇరువది క్షణములు నిలువవలెను. బడిలోవలె తొడలు నేలకు సమాంతరముగ వచ్చునంత క్రిందికి మొదట పోరాదు, నొప్పి అనుమతించినంతవరకే.

మూడవది మెట్టు. బెత్తెడు మించని ఎత్తుగల మెట్టుపై దెబ్బతిన్న కాలిని నిలిపి, మంచి కాలిని మెల్లగ, మూడు లెక్కించునంతసేపు, క్రిందికి దింపి మడమను నేలకు తాకించి తిరిగి పైకి తీసికొనవలెను. అద్దము ముందు చేసినచో మోకాలు లోపలికి వాలిపోవుచున్నదేమో చూడవచ్చును. అది పాదపు రెండవ వ్రేలికి సూటిగ ఉండవలెను. దిగుట నేర్పునది ఇదొక్కటే. అందుచేతనే నేను దీనికి మిగిలినవానికంటె ఎక్కువ ప్రాధాన్యము నిత్తును. పదేసి పర్యాయములు మూడు వరుసలు సులభమైనప్పుడు, డిలోర్మ్ సూత్రము ననుసరించి, రెండు కిలోల బియ్యపు సంచిని భుజమున వేసికొని చేయవలెను. లేదా మెట్టు ఎత్తు పెంచవలెను. వారమునకు మూడు దినములు చాలును. కండరము పెరుగుటకు నడుమ దినము కావలెను.

తొడ వెనుక కండరములను మరువరాదు. వెల్లకిల పడుకొని, మోకాళ్లు ముడిచి, పిరుదులను పైకెత్తి నిలుపు వ్యాయామము వానిని బలపరచును. తెగిన ముందుబంధనము చేయవలసిన పనిని, అనగా కాలియెముక ముందుకు జారకుండ లాగిపట్టుటను, ఈ కండలే కొంత చేయగలవు. ఇక జ్ఞానేంద్రియమునకు శిక్షణ: పండ్లు తోముకొనునప్పుడు దెబ్బకాలిపై మాత్రమే ముప్పది క్షణములు నిలువవలెను, మొదట గోడ అందునంత దూరమున, పిమ్మట కన్నులు మూసి. మన ఆడపిల్లలు తొక్కుడుబిళ్ల ఆడుచు ఒంటికాలిపై గెంతి, గీత త్రొక్కక నిలుచుటలో ఎంతటి శిక్షణ ఉన్నదో, ఒంటికాలిపై నిలువలేక తడబడిన దినమున నాకు తెలిసినది.

ఈ పనుల ఫలము రెండు మూడు నెలలకుగాని పూర్ణముగ కనబడదు. మొదటి మూడు వారములలో టేపు కొలత మారదు. అయినను మెట్లు దిగుటలో ధైర్యము కొంత కలుగును, ఏలయన మొదట మేల్కొనునవి నాడులు, పిమ్మట పెరుగునవి కండలు.

ఇంటి అలవాట్ల విషయము. మొదటి నెలలలో మెట్లెక్కునప్పుడు మంచి కాలిని, దిగునప్పుడు దెబ్బకాలిని ముందు పెట్టవలెను. చేతికర్ర పట్టువారు దానిని మంచికాలివైపు చేతితో పట్టుకొనవలెను. గొంతుకూర్చుండుట, బాసింపట్టు, ముగ్గు పెట్టుటకు వంగుట, వరినాట్లలో గంటలకొలది వంగియుండుట, ఇవి కొంతకాలము తగ్గించుకొనదగినవి. కాని నేలపై కూర్చుండుటను జీవితాంతము త్యజించుమని చెప్పు సలహా నాకు సమ్మతము కాదు. తొడ బలపడినకొలది పీటనుండి నేలకు, నేలనుండి గొంతుకూర్చుండుటకు నెమ్మదిగ తిరిగి రావచ్చును. బరువు ఎక్కువగనున్నవారు ఒక కిలో తగ్గినచో ప్రతి అడుగునను మోకాలిపై సుమారు నాలుగు కిలోల భారము తగ్గునని 142 మంది వృద్ధులపై జరిగిన పరిశీలనలో తేలినది; ఏ తైలమును ఇంత మేలు చేయలేదు. నొప్పి మాత్రలు కడుపుకును, మూత్రపిండములకును చేయు హానిని తలచి, వైద్యుని అనుమతి లేక వారములకొలది వాడరాదు. సైకిలు త్రొక్కుట మంచిదే. సీటు ఎత్తు మాత్రము, పెడలు అడుగునకు వచ్చినప్పుడు మోకాలు కొంచెమే వంగునట్లుండవలెను.

ఇట్టి దెబ్బ తగిలిన మోకాళ్లలో సుమారు సగమునకు పది, ఇరువది యేండ్లలో కీళ్లరుగుడు లక్షణములు చిత్రములలో కనిపించును. ఈ మాట పాఠకులకు దాచుట న్యాయము కాదు. చిత్రములో అరుగుడు కనిపించినవారందరికిని నొప్పి యుండదు. బలమైన తొడగలవారు అరిగిన సంధితోను చిరకాలము సుఖముగ నడచుచున్నారు. భయము మాత్రము ఈ రోగమునకు మిత్రము. నొప్పి పుట్టునేమో అని కాలిని కదపనివాని తొడ ఇంకను సన్నగిలును, సన్నగిలిన తొడ నొప్పిని పెంచును, పెరిగిన నొప్పి భయమును పెంచును. ఈ చక్రమును ఎక్కడనో ఒకచోట తెంచవలెను. భయమును తెంచుట కష్టము, నొప్పిని తెంచుట మన చేతిలో లేదు, తొడను బలపరచుట మాత్రము చేతిలో నున్నది.

రెండేండ్ల తరువాత మరల అలిపిరికి పోయితిని. ఈసారియు నడచియే ఎక్కి, నడచియే దిగితిని. మోకాళ్ల మెట్టువద్ద కొంతసేపు కూర్చుండి, కాలు చాచి, తొడను బిగించి వదలితిని. దిగుటకు ఎక్కినంతసేపు పట్టినది. నా కుడితొడ ఎడమదానికంటె నేటికిని ఒక సెంటీమీటరు సన్నముగనే యున్నది. మీ ఇంట దర్జీ టేపు లేకున్నచో ఒక నూలుదారము చాలును; ఈ రాత్రియే కొలిచి వ్రాసికొనుడు.